పదిహేడో నంబరు ఆధారం

ప్రయోగశాల, రెండో అంతస్తు
జూన్ 3

వదినా,

కుశలప్రశ్నలు చివర్లో. ముందు వార్త విను. జర్నల్ వాళ్ళు ఉత్తరం రాశారు. నా వ్యాసం ఇద్దరు పరీక్షకులకీ నచ్చిందట. "బైండింగు జిగురులో మైలుతుత్తం కలిపితే పుస్తకానికి పురుగు పట్టదని అందరికీ తెలుసు. కానీ జిగురు పొయ్యి మీద ఉండగా కలిపితే దండగ, దించి చల్లారాక కలిపితేనే పనిచేస్తుందని చూపించడం ఈ వ్యాసంలోని కొత్త సంగతి" అని రాశారు. ఆ వాక్యాన్ని నిలబడి చదివాను, కూర్చుని చదివాను, పురుగుల సీసాలకి మూతలు పెడుతూ చదివాను.

ఇప్పుడు అసలు గొడవ. వ్యాసం చివర నేనిచ్చిన నలభై రెండు ఆధారాలూ వాళ్ళ పద్ధతిలో లేవట. ఏ మాట ఎవరి దగ్గర తీసుకున్నామో చెప్పే పట్టిక అది, నీకు కొత్త కాదు. ఇంటిపేరు ముందు, తర్వాత కామా, తర్వాత పొడి అక్షరాలు, వాటి మధ్య చుక్కలు ఉండకూడదు. సంవత్సరం బ్రాకెట్లలో. పత్రిక పేరు వాలు అక్షరాల్లో, సంపుటి నంబరు లావుగా. పేజీ నంబర్ల మధ్య పొట్టి గీత పెట్టాను, కొంచెం పొడుగు గీత కావాలట. అరవై రోజుల్లో సరిచేసి పంపకపోతే మళ్ళీ మొదట్నుంచి, కొత్త వ్యాసం కిందే లెక్క.

నీకు తెలుసు కదా వదినా. పందొమ్మిదేళ్ళుగా ఈ ప్రయోగశాలలో పురుగుల్ని పెంచేదాన్ని నేను, లెక్కబెట్టేదాన్ని నేను. వ్యాసాలు మాత్రం వేరేవాళ్ళవి. నా పేరు ఎప్పుడూ చివరి పేజీలో, కృతజ్ఞతల్లో, కరెంటు పనివాళ్ళకీ కాపలావాళ్ళకీ మధ్యన ఉంటుంది. ఈసారి ప్రయోగం నాది, రాత నాది, పైన ఉండే పేరు నా ఒక్కదానిదే. నలభై ఆరేళ్ళకి దొరికిన మొదటి అవకాశం ఒక కామా దగ్గర జారిపోతే నేను తట్టుకోలేను.

అందుకే కాగితాలు నీకు పంపుతున్నాను. ముప్పై ఏళ్ళు ప్రెస్సులో ప్రూఫులు దిద్దినదానివి, నీ కన్నుగప్పి చీమ కూడా పోదు. ఫోను చేసి చెప్పొచ్చుగా అనకు. ఫోన్లో కామాలు వినపడవని అన్నది నువ్వే.

అన్నయ్య మోకాలు ఎలా ఉంది?

నీ ఆడపడుచు


వంటగది బల్ల
జూన్ 12

శాస్త్రజ్ఞురాలైన మరదలికి,

పార్సిలు అందింది. మీ అన్నయ్య విప్పబోతే చెయ్యి మీద ఒకటి వేశాను. రిటైరయ్యాక నాకొచ్చిన మొదటి ప్రూఫులు, ఆ దారం ముడి నేనే విప్పాలి. బల్ల మీంచి కూరగాయల బుట్ట తీయించి, ఎర్ర సిరా కలం గోరువెచ్చని నీళ్ళలో కడిగి, కిటికీ తెర పక్కకి లాగి కూర్చున్నాను. నాలుగు రోజులు ఇంట్లో వంట మీ అన్నయ్యదే. పాపం బాగానే చేశాడు, తిన్నవాళ్ళం ఇద్దరం బతికే ఉన్నాం.

నీ పట్టిక చూస్తే మొదట కళ్ళు తిరిగాయి. ఒకే పెద్దమనిషి అయిదో నంబరులో ఒక పొడి అక్షరంతో, ఇరవయ్యో నంబరులో రెండింటితో, ముప్పై మూడులో అసలేమీ లేకుండా తిరుగుతున్నాడు. నాటకాలవాడు కూడా ఇన్ని వేషాలు వెయ్యడు. తొమ్మిదో నంబరు వ్యాసం నూట నలభయ్యో పేజీలో మొదలై నూట ముప్పై రెండులో ముగిసింది, అంటే వెనక్కి నడిచిందన్నమాట. ఇలాంటివి అరవై ఏడు పట్టాను. పురుగుల కాళ్ళు లెక్కబెట్టేటప్పుడు కూడా ఇంతే శ్రద్ధ చూపిస్తావా, లేక వాటికి ఇంకా గౌరవం ఇస్తావా?

ప్రెస్సులో నన్ను వెనకనుంచి కామాలమ్మ అనేవాళ్ళు. నాకు తెలియదనుకునేవాళ్ళు. నీ కాగితాలు దిద్దుతుంటే ఆ పేరు మీద మళ్ళీ ప్రేమ పుట్టింది.

అన్నట్టు, అడక్కుండానే ఇంకో పని కూడా చేసిపెట్టాను. ఏమిటో చెప్పను. చూసి నువ్వే సంతోషిస్తావు.

మోకాలు బాగుంది. కుర్చీలోంచి లేవమన్నప్పుడే నొప్పి.

వదిన


ప్రయోగశాల, సీసాల గది
జూన్ 21

కామాలమ్మ వదినకి,

సంతోషించాను. ఎంత సంతోషించానో చెప్తాను, కూర్చుని విను.

నీ ఎర్ర సిరా చూసి మురిసిపోయి, ఒక్క క్షణం ఆలోచించకుండా అంతా కంప్యూటర్లో ఎక్కించాను. పాతది తుడిచేశాను. తర్వాత హాయిగా టీ తాగుతూ వ్యాసం మొదట్నుంచి చదవబోయాను. "ఈ పురుగు నోటి నిర్మాణం గట్టి అట్టను కొరకడానికి అనువైనది" అన్న వాక్యానికి ఏ ఆధారం చూపిస్తోందో తెలుసా? మైదాపిండి నిలవ చేసే పద్ధతుల మీద వ్యాసం. "తోలు అట్టలు వాటికి రుచించవు" అన్నదానికి ఒక గ్రంథాలయంలో పాఠకుల అలవాట్ల మీద సర్వే. పాఠకులు తోలు అట్టలు తినరని ఎవరైనా సర్వే చేశారా వదినా?

నలభై రెండింటినీ అకారాది క్రమంలో పెట్టావు. అదీ నువ్వు అడక్కుండా చేసిన పని. ఈ జర్నల్ పద్ధతి వేరు తల్లీ. వ్యాసంలో ఏది ముందు ప్రస్తావనకి వస్తే అది ఒకటి, ఆ తర్వాతది రెండు. లోపలి నంబర్లన్నీ పాత వరసవి, పట్టిక నీ వరస. పాత అచ్చు ప్రతి ఒకటుంది గానీ దాని తర్వాత మధ్యమధ్యలో మరో అయిదు ఆధారాలు దూర్చాను, కాబట్టి అదీ పూర్తిగా సరిపోదు. పుణ్యానికి పోతే పాపం ఎదురవడమంటే ఇదే.

నవ్వాక చెయ్యగలిగింది ఒక్కటే ఉంది. ప్రతి ఆధారాన్నీ మళ్ళీ తెరిచి, ఏ వాక్యానికి ఏదో చూసుకోవడం. వారం పట్టింది, వరస మళ్ళీ కుదిరింది. కానీ నీ పుణ్యమా అని ఒక వింత బయటపడింది. పదిహేడో నంబరు గుర్తుందా? మీ ఊరి పెద్ద లైబ్రరీ నలభై ఏళ్ళ కిందట వేసిన బులెటిన్. జిగురులో మైలుతుత్తం కలపాలన్న మాటకి మూలం అదే. నా దగ్గరున్న పదకొండు వ్యాసాలు దాన్నే చూపిస్తున్నాయి. పదకొండింటిలోనూ ఒకే వాక్యం, ఒకే పేజీ, నూట పన్నెండు. ఇంతా చేసి ఆ ఏడాది బులెటిన్ మొత్తం తొంభై ఆరు పేజీలేనని గ్రంథాలయాల జాబితాలో ఉంది.

అంటే ఆ పేజీ ఎవరూ చూడలేదు. ఒకరి భుజం మీంచి ఒకరు చూసి రాసేసినవాళ్ళమే, నాతో సహా. ఇక జర్నల్ వాళ్ళేమో ప్రతి ఆధారాన్నీ కళ్ళారా చూశానని సంతకం పెట్టమంటున్నారు. నలభై ఒకటి చూశాను. ఇదొక్కటే చూడలేదు. ఆ బులెటిన్ మీ లైబ్రరీలో తప్ప ఎక్కడా లేదు.

పాడుచేసినదానివి నువ్వే, కాబట్టి వెళ్ళాల్సినదానివీ నువ్వే.

నీ ఆడపడుచు


వంటగది బల్ల
జూన్ 28

మరదలికి,

తప్పు నాది కాదు, అకారాదిది. ముప్పై ఏళ్ళు ఏ పుస్తకం చివర పట్టిక వచ్చినా అకారాదిలో ఉందో లేదో చూడటం నా పని. చెయ్యి దానంతటదే పోయింది. వంటింటి డబ్బాలు కూడా అలాగే పెట్టానని, ఉప్పు కోసం ప్రతిసారీ అక్షరాలు గుణించుకోవాల్సి వస్తోందని మీ అన్నయ్య ఫిర్యాదు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు. తొక్కాను, కడుక్కుంటాను.

అయినా తొంభై ఆరు పేజీల పుస్తకంలో నూట పన్నెండో పేజీ! పదకొండు మంది చదువుకున్నవాళ్ళు! ప్రెస్సులో మా ఫోర్‌మన్ ఉంటే పళ్ళు పటపటా కొరికేవాడు. నాకు మాత్రం ఒంట్లోకి పాతికేళ్ళ ప్రాణం వచ్చినట్టుంది. సోమవారం పొద్దున్నే వెళ్తున్నాను. కళ్ళజోళ్ళు రెండూ తీసుకెళ్తున్నాను, ఒకటి చదవడానికి, ఒకటి లైబ్రరీ వాళ్ళని చూడటానికి.

వదిన


ఇల్లు
జూలై 5

చిరంజీవి ఆడపడుచుకి,

ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ నువ్వు క్షేమమని తలుస్తాను.

లైబ్రరీకి వెళ్ళాను. పాత బులెటిన్లున్న బీరువా తాళం దొరకలేదన్నారు. మళ్ళీ ఎప్పుడైనా వెళ్ళి చూస్తాను. తొందరేమీ లేదు కదా.

ఆరోగ్యం జాగ్రత్త. వేళకి తింటున్నావా? ఎండలు తగ్గాయి. మీ అన్నయ్య నిన్ను అడిగాడని చెప్పమన్నాడు.

ఆరోగ్యం జాగ్రత్త.

వదిన


ప్రయోగశాల, రెండో అంతస్తు
జూలై 9

వదినా,

ఈ ఉత్తరం ఎవరు రాశారు? చేతిరాత నీదే, మనిషివి నువ్వు కాదు.

నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఇరవై రెండేళ్ళుగా నువ్వు రాసిన ఏ ఉత్తరంలోనూ అలా జరగలేదు, నాకు జ్వరమొచ్చి ఆస్పత్రిలో పడుకున్నప్పుడు కూడా థర్మామీటరు పగలగొట్టి ఉంటావని రాశావు. ఇప్పుడేమో ఆరోగ్యం జాగ్రత్త అని రెండుసార్లు. పైగా తొందరేమీ లేదు కదా అంటావు. గడువు ఇంకా ఇరవై నాలుగు రోజులుందని నాకంటే నీకే బాగా తెలుసు.

నిన్న అన్నయ్య ఫోను చేశాడు. మామూలుగా మోకాలి సంగతి చెప్తాడు. నిన్న "బాధపడకమ్మా, జీవితంలో ఇలాంటివి ఉంటాయి" అన్నాడు. ఎలాంటివి అన్నయ్యా అంటే "ఏమీ లేదు, మీ వదిన చెప్పొద్దంది" అని పెట్టేశాడు. ఆయన నోట్లో నువ్వుగింజ నానదని తెలిసి కూడా చెప్పావంటే, నువ్వు ఒక్కదానివే మొయ్యలేకపోతున్నావన్నమాట.

నీకు బీరువా తాళం దొరికింది. పేజీ దొరికింది. అందులో ఏముందో రాయి. ఏదైనా సరే.

నీ ఆడపడుచు


వంటగది బల్ల
జూలై 13

అమ్మాయ్,

దొరికింది. సోమవారం పది గంటల కల్లా నా చేతిలో ఉంది. నూట పన్నెండు కాదు, పన్నెండో పేజీ. మొదట ఎత్తి రాసినవాడెవడో ఒకటిని రెండుసార్లు కొట్టాడు, మిగతావాళ్ళు దాన్ని భక్తిగా మోశారు. మొత్తం అరపేజీ. అక్షరం పొల్లు పోకుండా రాస్తున్నాను.

"పుస్తకములకు పురుగు పట్టకుండుటకై జిగురులో మైలుతుత్తము కలుపుట మంచిదని మా అనుభవము. అయితే జిగురు పొయ్యిమీద ఉండగా కలిపిన వ్యర్థమనియు, దించి, వేలికి ఓర్చునంత చల్లారిన పిమ్మటనే కలుపవలెననియు మా బైండరు చెప్పును. అతని మాట నిజమని కనుగొంటిమి." కింద గ్రంథాలయాధికారి పేరు.

పదకొండు మందీ మొదటి వాక్యం ఒక్కటే మోసుకుపోయారు. రెండో వాక్యం నలభై ఏళ్ళుగా ఆ బీరువాలోనే ఉంది. అది నీ వాక్యం. జర్నల్ వాళ్ళు కొత్త సంగతి అన్నది అదే.

చదివి అక్కడే బెంచీ మీద కూర్చుండిపోయాను. నువ్వు నిలబడి చదివాను, కూర్చుని చదివాను అని రాసిన ఉత్తరమే కళ్ళ ముందు ఆడింది. ఇంటికొచ్చి నీకు తాళం దొరకలేదని రాశాను. నిజం చెప్తున్నాను, పేజీ చిరిగిపోయిందని రాద్దామని కూడా అనుకున్నాను. ఎవరూ చూడని పేజీ, ఇంకో నలభై ఏళ్ళు ఎవరూ చూడరు. పందొమ్మిదేళ్ళకి ఒక్కసారి నీ పేరు పైకి వస్తుంటే దాన్ని నా చేత్తో కిందకి లాగడానికి మనసొప్పలేదు. ముప్పై ఏళ్ళు ఊళ్ళోవాళ్ళ తప్పులు దిద్దినదాన్ని, ఒక ఒప్పుని దాచబోయాను. సిగ్గుగా ఉంది.

ఏం చెయ్యాలో నీ ఇష్టం. దాచమంటే దాస్తాను. అలా అనవని కూడా తెలుసు.

వదిన


ప్రయోగశాల, సీసాల గది
జూలై 17

వదినా,

ఏడ్చాను, నీ దగ్గర దాపరికం ఎందుకు. నూట ఇరవై సీసాలు, రెండేళ్ళు. కుళాయి కింద మొహం కడుక్కుని, పురుగులకి కాగితం ముక్కలు వేసి, మళ్ళీ చదివాను.

రెండోసారి నవ్వొచ్చింది. "అతని మాట నిజమని కనుగొంటిమి" అంటాడు ఆ అధికారి. ఎలా కనుగొన్నాడు, ఎన్ని పుస్తకాల్లో, ఎన్నాళ్ళకి? ఒక్క ముక్క లేదు. చెప్పింది బైండరు, లెక్కతో చూపించింది నేను. ఈ మాట లోకంలో నేనొక్కదాన్నే అంటున్నానని రెండేళ్ళు భయపడ్డాను. తప్పైతే ఎవరు వెనకుంటారని. ఇంతకీ నలభై ఏళ్ళ నుంచి ఒకాయన వెనకే ఉన్నాడు.

మూడోసారి చదివితే ఒళ్ళు మండింది. "మా బైండరు." అంతే. పేరు లేదు. నా పేరు కృతజ్ఞతల్లోనైనా ఉండేది, ఆయనకి అదీ లేదు.

అందుకని నిన్న సంపాదకురాలికి అంతా రాసేశాను. నీ పేజీ నకలు పంపాను. "కొత్త సంగతి" అన్న మాట తీసేస్తున్నానని, ఇది ఒక బైండరుకి నలభై ఏళ్ళ కిందటే తెలుసని, నేను రుజువు మాత్రమే చేశానని. వ్యాసం తిప్పి పంపొచ్చు. అప్పుడు మళ్ళీ ఏడుస్తాను, కానీ ఆ ఏడుపు తలెత్తుకుని ఏడ్చేది.

నువ్వు దాచినందుకు కోపం లేదు. కొంచెం ఉంది, అన్నయ్య మీద తీర్చుకుంటాను.

ఇప్పుడు నీకు పెద్ద పని. ఆ బైండరు ఎవరో కనుక్కో. ఉంటే కలుసుకో. ఈ జర్నల్లో ఒకరు స్వయంగా చెప్పిన మాటని కూడా ఆధారంగా ఇవ్వొచ్చు. పేరు, వృత్తి, ఏ రోజున చెప్పారో రాసి, వాళ్ళ అనుమతి సంతకం ఉంటే చాలు. ఇంటిపేరు ముందు, తర్వాత కామా, తర్వాత పొడి అక్షరాలు.

నీ ఆడపడుచు


వంటగది బల్ల
జూలై 23

మరదలా,

మీ అన్నయ్య జీవితంలో మొదటిసారి పనికొచ్చాడు. లైబ్రరీలో రిటైరైన గుమస్తా ఒకాయన పొద్దున నడకలో ఈయనకి జత. అడిగిన పది నిమిషాల్లో చిరునామా వచ్చింది. నేను రెండు రోజులు రిజిస్టర్లు తిరగేసి సంపాదించలేనిది కబుర్లతో సంపాదించాడు. ఇంక నా బతుకు చూడు, రోజుకి నాలుగుసార్లు చెప్పుకుంటున్నాడు.

కోర్టు వెనక సందులో చిన్న కొట్టు. గోడ నిండా అట్టలు, మూలన కుట్టు చట్రం, కిటికీ కింద కిరసనాయిలు స్టవ్వు. ఆ స్టవ్వు పక్కన పీట మీద ఆయన. డెబ్బై ఎనిమిదేళ్ళు, చెవులు కాస్త మందం, చేతులు మాత్రం పాతికేళ్ళవాడివి. నేను ఒక లెక్కల పుస్తకం కుట్టించుకోవడానికి వచ్చాననుకుని "రేపు రామ్మా" అన్నాడు.

బులెటిన్ పేజీ చేతిలో పెట్టాను. కళ్ళజోడు సర్దుకుని గొణుక్కుంటూ చదివాడు. "మా బైండరు చెప్పును" దగ్గర ఆగాడు.

"ఇది నేనే," అన్నాడు. "ఆయన రాశాడా దీన్ని? నాతో అనలేదే."

"మీకెలా తెలిసిందండీ ఈ సంగతి?" అని గట్టిగా అరిచాను.

"బద్ధకం వల్లమ్మా," అన్నాడు. "ఒకరోజు జిగురు దించేసి, మైలుతుత్తం వెయ్యడం మర్చిపోయి అన్నానికి పోయాను. వచ్చాక మళ్ళీ ఎవడు కాస్తాడని చల్లటిదాంట్లోనే కలిపేశాను. మా అధికారికి చెప్తే తిడతాడని చెప్పలేదు. నాలుగేళ్ళకి చూస్తే, మిగతావన్నీ పురుగు తిన్నది, ఆ రోజు కుట్టినవి ముట్టుకోలేదు. అప్పుడు చెప్పాను. తెలివి అనుకున్నాడు పాపం."

ఇద్దరం నవ్వాం. నీ సంగతి చెప్పాను. నూట ఇరవై సీసాల్లో రెండేళ్ళు పురుగుల్ని పెట్టి చూసిందని చెప్తే ఆయన మొహం చూడాలి నువ్వు. "నా మాట నిజమో కాదో చూడ్డానికి అంత కష్టపడిందా ఆ అమ్మాయి?" అన్నాడు. పేరు అచ్చులో వస్తుందని, సంతకం కావాలని చెప్తే, చేతులు కడుక్కొచ్చి మరీ పెట్టాడు. ఎన్ని వేల పుస్తకాలు కుట్టానో నాకే తెలియదు, ఒక్కదాంట్లోనూ నా పేరు లేదమ్మా అన్నాడు. బాధగా కాదు, వాన పడలేదన్నంత మామూలుగా.

వచ్చేస్తుంటే గుమ్మం దాకా వచ్చి అడిగాడు. "నాది ఎన్నో నంబరమ్మా?" పదిహేడు దరిదాపుల్లో ఉండొచ్చన్నాను. "మంచి నంబరే," అన్నాడు.

సంతకం కాగితం జత చేశాను. ఇంటిపేరు, కామా, పొడి అక్షరాలు, మధ్యలో చుక్కలు లేవు. మూడుసార్లు చూశాను.

వదిన


ప్రయోగశాల, రెండో అంతస్తు
జూలై 30

వదినా, వదినా, వదినా,

సంపాదకురాలు రాసింది. ముందు నీకు ఎత్తి రాస్తాను. "మీ మొదటి వ్యాసం బాగుంది. ఇది ఇంకా బాగుంది. ఒక పనివాడికి తెలిసిన నిజం, ఎత్తిరాతల్లో పోయి, నలభై ఏళ్ళ తర్వాత రుజువుతో తిరిగి రావడం మా పాఠకులు తప్పక చదవాలి. ఆ కథ వ్యాసం మొదట్లోనే చెప్పండి." తిప్పి పంపలేదు. అంగీకరించారు. పైన నా పేరు ఒక్కటే.

సీసాల గదిలో పాట పాడాను. పక్కగది వాళ్ళు వచ్చి ఏమైనా పగిలిందా అని అడిగారు.

ఆవిడ మొదట్లోనే చెప్పమంది కదా, అందుకని మొదటి వాక్యం మార్చేశాను. ఇప్పుడు వ్యాసం ఇలా మొదలవుతుంది: "జిగురు దించి, వేలికి ఓర్చునంత చల్లారిన తర్వాతే మైలుతుత్తం కలపాలని ఒక బైండరు చెప్పారు." ఏ ఆధారం ముందు వస్తే దానిదే ఒకటో నంబరు, నీ మీద అన్ని కేకలు వేసిన ఆ నియమం గుర్తుందిగా. ఆయనది పదిహేడు కాదని చెప్పు.

దాంతో మిగతా నంబర్లన్నీ మళ్ళీ కదిలాయి. నలభై మూడింటినీ మళ్ళీ ఒక్కొక్కటే సరిచేశాను. ఈసారి విసుగే రాలేదు. ఇవాళ పొద్దున పంపేశాను, గడువుకి మూడు రోజుల ముందు.

నీ ఆడపడుచు


వంటగది బల్ల
నవంబరు 20

పేరున్న మరదలికి,

సంచిక వచ్చింది. మీ అన్నయ్య పోస్టువాడి చేతిలోంచి లాక్కుని, ముందు నీ పేరు చూసి, తర్వాత నాకిచ్చాడు. వీధిలో నలుగురికి అప్పుడే చెప్పేశాడు. వాళ్ళకి మైలుతుత్తం అంటే ఏమిటో తెలియదు, అయినా సంతోషించారు.

సాయంత్రం ఇద్దరం బైండరు దగ్గరికి వెళ్ళాం. ముందు నీ పేరు చూపించాను. "ఈ అమ్మాయేనా?" అని దాని మీద వేలు పెట్టి కాసేపు ఉంచాడు. తర్వాత వెనక పేజీలు తిప్పి, పట్టిక మొదటి వరస చూపించాను. తనే చదువుకున్నాడు. "పదిహేడన్నావు కదమ్మా," అన్నాడు చివరికి. "పెరిగారు," అన్నాను. చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు నవ్వాడు, కళ్ళు తుడుచుకున్నాడు.

తర్వాత ఏం చేశాడో విను. పుస్తకాన్ని వీపువైపు తిప్పి చూసి, మొహం చిట్లించాడు. "ఇది ఏడాది ఆగదు," అని, నేను అయ్యో అనేలోపు అట్ట పీకేశాడు. రెండేళ్ళ నీ కష్టం, మడతలు మడతలుగా ఆయన ఒళ్ళో పడింది. మీ అన్నయ్య లేచి నిలబడ్డాడు, మోకాలు సంగతే గుర్తు లేదు. ఆయన పట్టించుకోకుండా స్టవ్వు వెలిగించి జిగురు కాచాడు, దించాడు. ముగ్గురం ఆ గిన్నె చుట్టూ కూర్చుని అది చల్లారడం చూశాం. మధ్యమధ్య వేలు పెట్టి చూసి "ఇంకా లేదు" అన్నాడు. చివరికి "ఊఁ" అని మైలుతుత్తం వేశాడు. "దీన్ని పురుగు తినకూడదమ్మా, దాని గుట్టంతా ఇందులోనే ఉంది," అన్నాడు.

రేపు ఆరిపోతుంది, నీకు పంపుతాను. తనకి ఇంకో ప్రతి కావాలన్నాడు, అదీ తనే కుట్టుకుంటాడట.

అన్నట్టు, జిగురు చల్లారేలోపు ఆ మడతల్లోంచి నీ వ్యాసం చివరి కాగితం తీసి చదివాను. అక్కడ, కృతజ్ఞతల్లో, నువ్వు నాకు చెప్పకుండా పెట్టిన వాక్యం ఉంది. ఈ వ్యాసంలోని ప్రతి కామాకీ, పన్నెండో పేజీకీ మా వదినకి రుణపడి ఉన్నాను, అని. మీ అన్నయ్య పక్కనే ఉన్నాడు కాబట్టి కళ్ళలో జిగురు ఆవిరి పడిందని చెప్పాను.

ఆ వాక్యంలో ఒక కామా ఎక్కువైంది. అచ్చువాళ్ళదో నీదో తెలియదు. సంచిలోంచి ఎర్ర సిరా కలం తీసి మూత విప్పాను. కాసేపు చూసి, మళ్ళీ మూత పెట్టేశాను.

వదిన